విత్తన బిల్లుకు అడ్డుపడిన మాస్టారు

రాఘవయ్య మాస్టారు ఇక లేరన్న వార్త గుంటూరు కోర్టు వరండాలో ఉండగా ఫోన్లో విన్నాను. నిర్ఘాంతపోయాను. చాలాకాలంగా ఆస్పత్రిలో ఉన్న వృద్ధుడు పోతే నిర్ఘాంతపోవడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ముందురోజు సాయంత్రం కూడా ఆయన మంచం మీద లేచి కూర్చుని నాతో ఒక బిల్లు గురించి పోట్లాడారు. అట్లా పోట్లాడే మనిషి తెల్లవారేసరికి ఉండరని నాకు తోచలేదు.

అద్దంకి కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించి, పట్టభద్రుల ప్రతినిధిగా శాసనమండలికి వెళ్లిన మాస్టారికి నేను మొదట శిష్యురాలిని. లాయరునయ్యాక ఆయన సవరణల్లో చట్టభాష సరిచూసి పెట్టేదాన్ని. ఏ బిల్లు వచ్చినా ఆయన చివరి పేజీ నుంచి చదివేవారు. "పీఠికలో ప్రజలుంటారమ్మాయ్, చివర్లో అధికారి ఉంటాడు" అనేవారు. 'ప్రభుత్వం ఉత్తర్వుల ద్వారా నిర్ణయించవచ్చు' అన్న వాక్యం కనబడితే చాలు, ముఖం ఎర్రబడేది. శాసనాలు చేయమని జనం పంపితే, ఆ పని సచివాలయంలో ఎవరి సంతకానికో అప్పగించి ఇంటికి పోతున్నామన్నది ఆయన ఆవేదన.

విత్తనాల మీద అజమాయిషీ అంతా ఢిల్లీకి దఖలుపడే చట్టం రాబోతోందని మండలిలో నిరసన తీర్మానం పెట్టినప్పుడు, ఆయన పార్టీ ఆయన్నే ముందు మాట్లాడమంది. మాస్టారి ధారణ, ధార ఆరోజు చూడాలి. గుంటూరు నల్లరేగడికీ కనిగిరి మెట్టకూ ఢిల్లీ నుంచి ఒకే నోటిఫికేషన్ ఎట్లా సరిపోతుందని నిలదీశారు. బల్లలు మోగాయి. ఆ చప్పుడు సద్దుమణిగాక తమ మంత్రుల వైపు తిరిగి, "ఢిల్లీ చేస్తే పెత్తనం, మనం చేస్తే పరిపాలనా? మన విత్తన బిల్లులోనూ ఇదే వాక్యం ఉంది కదండీ" అన్నారు. ఆ పూట క్యాంటీన్లో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆయన మాత్రం నిమ్మళంగా ఇంకో ప్లేటు ఇడ్లీ తెప్పించుకున్నారు.

ఆ బిల్లే ఆయన జీవితానికి తీరని పరీక్ష అయింది. నకిలీ విత్తనంతో నష్టపోయిన రైతుకు పరిహారం ఇస్తామనే బిల్లు అది. ఎవరికివ్వాలో, ఎవరికి మానాలో మాత్రం ఉత్తర్వులకు వదిలేశారు. కౌలుదారుల్ని ఒక్క సంతకంతో తప్పిస్తారని మాస్టారి భయం. పట్టుబట్టి బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపించారు. కమిటీ కూర్చోకముందే శాసనసభ గడువు ముగిసి బిల్లు మురిగిపోయింది. ఆ ఏడే మా చుట్టుపక్కల నకిలీ విత్తనంతో వేసిన మిరప చెట్లు ఏపుగా పెరిగి, కాయ పట్టలేదు.

అద్దంకి దగ్గర ఒక ఊళ్లో ఆదిలక్ష్మి భర్త, కౌలురైతు, చేలోనే పురుగుమందు తాగాడు. పరామర్శకు వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆమె నేరుగా అడిగింది.

"మీరు ఆపకపోతే ఆ డబ్బులొచ్చేవంట కదండీ?"

"వచ్చేవేమోనమ్మా."

"మరెందుకు ఆపారు?"

"ఎవరికివ్వాలో ఆఫీసరు ఇష్టమని రాశారమ్మా. కౌలోళ్ల పేర్లు తీసేస్తారని భయపడ్డాను."

"తీసేసిన రోజున అడుక్కునేవాళ్లం. కొట్లాడేవాళ్లం. ఆయన బతికుండేవాడు కదండీ."

ఎంత పెద్ద మంత్రికైనా నిలబడి బదులు చెప్పే మనిషి, తల వంచుకుని కూర్చున్నారు. తిరిగొస్తూ కారులో అన్నారు: "ఆవిడన్నది తప్పు కాదమ్మాయ్. నేను చేసిందీ తప్పు కాదు. ఈ రెండూ ఎట్లా మొయ్యాలో తెలియటం లేదు." బిల్లు ఆపినందుకు ఆయన్ను మూర్ఖుడన్నవాళ్లు ఆ రోజు ఆ కారులో లేరు. నాకు ఇప్పటికీ వాళ్ల మీద కోపమే.

ప్రభుత్వం మారింది. అదే బిల్లు అదే వాక్యంతో మళ్లీ వచ్చింది. అప్పటికి ఆయన మాజీ సభ్యుడు, పైగా రోగి. ఆస్పత్రి మంచం మీద సవరణ చెప్పి నాతో రాయించారు. "ఈసారి బిల్లు ఆగకూడదు. పరిహారం వెంటనే ఇవ్వాలి. ఎవరినైనా తప్పించే ఉత్తర్వు మాత్రం సభ ఒప్పుకున్నాకే అమలు కావాలి." ఆదిలక్ష్మి ముందు తల వంచిన రోజు ఆయన నేర్చుకున్నది అదే. ఆ సవరణ పెట్టమని తుళ్లూరు దాటి శాసనమండలి దాకా వెళ్లి రెండు పక్షాల సభ్యుల్నీ బతిమాలాను. "మాస్టారంటే మాకు ప్రాణమేనమ్మా, కానీ పార్టీ విప్ ఉంది కదా" అన్నారు. ఆ సంగతి చెప్పినందుకే చివరి సాయంత్రం నాతో పోట్లాడారు. ఇంకొకరిని అడగమన్నారు.

ఆయన లేరు. మా జిల్లాల్లో చదువుకున్నవాళ్లకు కొరత లేదు. బిల్లు చివరి వాక్యం చదివి నిద్రపట్టని మనిషి మాత్రం నాకు మరొకరు తెలియరు. గురువుగారికి నా నమస్సులు.

దహనం మర్నాడు సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. మండలి లేచి నిలబడి మౌనం పాటించింది. రెండు పక్షాల వాళ్లూ మాస్టారిని నిర్భయ శాసనకర్త అని కొనియాడారు. ఆయన మరణం తీరని లోటన్నారు. తరువాత విత్తన బిల్లు తీసుకున్నారు. సవరణలు లేవు, చర్చ లేదు. తీరని లోటన్న గొంతులన్నీ కలిసి 'అవును' అన్నాయి.