జమాలుద్దీన్ సున్నం కొట్టిన గుండు

ఆదోనిలో బోర్డులు రాసే జమాలుద్దీన్ పిచ్చిపట్టి కొండకంతా సున్నం కొట్టినాడని ఎమ్మిగనూరు బస్సుల్లో చెప్పుకుంటాండారు. అబద్ధమప్పా. కొట్టింది దాని మీదుండే ఒక్క గుండురాయికే. పిచ్చి కూడా కాదు, వాళ్ళ నాయన కొట్టమన్నాడు.

ఆ నాయన పేరు బడే సాబ్. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, అంటే ఈ ఏడే, తుంటి ఎముక ఇరిగి మంచాన పడినాడు. దినామూ కొండెక్కి దిగిన మనిషి, కిటికీ లేని రూములో గోడ చూస్తా పండుకోవాలంటే ఎట్లుంటుంది? జమాలుద్దీన్‌కు మనసు ఆగలేదు. ఇస్కూలు పిల్లోళ్ళ రంగుబిళ్ళలు తెచ్చి, కాగితం మీద కొండను వేసి ఆ గోడకంటించినాడు. ఎన్ని లారీలకు, ఎన్ని అంగళ్ళకు రాసినా వాళ్ళ నాయన నోట "బాగుంది" అనే మాట ఒక్కనాడూ రాలేదు. ఈసారన్నా వస్తుందని ఆశ.

బడే సాబ్ చూసినాడు. "ఆ పెద్దగుండు అంత ఎడమకు యాడుంది రా? జరుపు."

బోర్డు రంగయితే తప్పు మీద ఇంకో పూత పూస్తే సరిపోతుంది. నీళ్ళ రంగులు అట్లా మాట వినవు కదా. పూసే కొద్దీ కింది రంగు పైకొచ్చి, కొండ కాస్తా బురదలో పండుకున్న ఎనుము మాదిరి అయింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ వేసినాడు. "దోవ యాది?" దోవ వేసినాడు. "ఆ మేఘం ఎందుకు?" మేఘం తుడిచినాడు. తుడిచి తుడిచి కాగితానికి బొక్క పడింది. కొండ ఉండాల్సిన చోట గోడ కనపడతాంది.

జమాలుద్దీన్ పెండ్లాం మహమూదా బీ ఎమ్మిగనూరు నేతోళ్ళ బిడ్డ. "మా అబ్బాజాన్ చీర అయిపోతే కోసి మగ్గం దిగుతాడు. నీకు దిగేదే తెలీదు," అనింది. "కొండ ఆ గోడకవతలే ఉండాది కదా. గోడ తియ్యి."

ఎకసెక్కానికి అన్నమాట. ఇతను నిజంగానే గడ్డపార తెచ్చి మట్టిగోడకు కిటికీ అంత సందు చేసినాడు.

బడే సాబ్ అసలు కొండను శానాసేపు చూసినాడు. "గుండు ఇంకా ఎడమకే ఉండాది."

"అది జరగదు అబ్బాజాన్."

"పోనీ, ఆ నలుపన్నా తగ్గించు."

జమాలుద్దీన్ సున్నం బకీటు ఎత్తుకొని కొండెక్కినాడు. చేతులు పొక్కి దిగొచ్చి మంచం కాడ నిలబడినాడు.

"బాగుంది," అన్నాడు బడే సాబ్.

జమాలుద్దీన్ నేల మీద కూలబడినాడు. మహమూదా బీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "అయిపోయింది కదా. చేతులు కడుక్కో."

అతను చేతులు చాపినాడు కానీ, చూపు సందులోనే ఉండాది. "ఆ పక్క గుండు మరీ నల్లగా కనపడతా లేదూ?"

ఈరోజు పొద్దున బకీటు ఇంట్లో లేదంట. ఆదోని పోయేవాళ్ళు బస్సు దిగినాక ఒకసారి కొండ దిక్కు చూడండి. తెల్లగుండు ఒకటే ఉంటే సరే. రెండుంటే కొంచెం పైకి పోయి, మీ నాయన బాగుందన్నాడు, ఇంక దిగప్పా అని చెప్పి రాండి.