లపాజ్‌లో ముగ్గురికే మాత్రలు

లపాజ్ చేరిన మర్నాడు ఉదయం రీమ్‌కి ఇన్సులిన్ తీస్తుంటే సిరంజి మీద గీతలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. తల పగిలిపోతోంది. రెండుసార్లు సరిచూసుకుని, మేడమ్‌కి కూడా చూపించి, అప్పుడు పాపకి ఇచ్చాను.

అప్పట్లో నేను యాన్బులో ఒక సౌదీ కుటుంబంలో ప్రైవేట్ నర్సుని. టైప్ వన్ డయాబెటిస్ ఉన్న వాళ్ల ఎనిమిదేళ్ల పాప రీమ్ నా పేషెంట్. తండ్రి గ్యాస్ ప్లాంట్ల ఇంజనీరు. బొలీవియాలో పని పడితే భార్యనీ పాపనీ తీసుకెళ్లారు, పాప కోసం నన్నూ. మేముండేది సముద్రం ఒడ్డున. లపాజ్ మూడు వేల ఆరువందల మీటర్ల ఎత్తున ఉంది. బయల్దేరే ముందు వాళ్లు డాక్టరుని కలిస్తే, ఎత్తు పడక జబ్బు చేయకుండా ముగ్గురికీ డయమాక్స్ మాత్రలు రాశారు. మొదటి రెండు రోజులు విశ్రాంతి, బరువులు మోయకూడదు, ఆయాసం వస్తే కిందికి దిగిపోవాలి. ఆ కాగితం చదివి, మాత్రలు రోజువారీగా డబ్బాలో సర్దింది నేనే. నన్ను ఎవరూ లెక్కలో వేసుకోలేదు. అడిగితే ఏమనుకుంటారో అని నేనూ నోరు విప్పలేదు. నర్సునైన నేను! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వాళ్లు డాక్టరు చెప్పినట్టే పడుకున్నారు. హోటల్లో సూట్‌కేసులు రెండంతస్తులు మోసింది నేను. రెండో రోజు సాయంత్రానికి పొడి దగ్గు. మూడో రోజు ఉదయం, కూర్చుని ఉన్నా ఆయాసం.

"మేడమ్, నన్ను డాక్టరుకి చూపించండి" అన్నాను.

"ఫ్లూ, సిస్టర్. మాస్క్ పెట్టుకో, పాప దగ్గర దగ్గకు. రేపు సార్ మీటింగ్ అయ్యాక చూద్దాం. నీ పాస్‌పోర్టు ఆయన దగ్గరే కదా."

మధ్యాహ్నం బేసిన్‌లో ఉమ్మితే గులాబీరంగు నురుగు పడింది. అదేమిటో నాకు తెలుసు. యాన్బుకి రాకముందు ఐసీయూలో అలాంటి పేషెంట్లకి గొట్టంతో సక్షన్ చేశాను. గోడ పట్టుకుని కిందికి దిగి, రిసెప్షన్‌లో ఉన్నామెకి నీలంగా మారిన గోళ్లు చూపించాను. ఆమె హోటల్లోని ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి మాస్క్ పెట్టి, టాక్సీ పిలిచింది.

ఆసుపత్రిలో చూస్తే రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ అరవై రెండు శాతమే.

"హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడీమా" అన్నాడు డాక్టరు ఇంగ్లీషులో, ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని. "డయమాక్స్ వేసుకోలేదా?"

"వాళ్లకి వేశాను."

ఆయన రాయడం ఆపి నావైపు చూశాడు. "మరి మీకు?"



నాలుగు రోజుల ఆక్సిజన్ తర్వాత కింద ఉన్న శాంతాక్రూజ్‌కి పంపారు. యాన్బు చేరాక జ్వరం, న్యుమోనియా, పది రోజుల అడ్మిషన్. ఆ వార్డులో పనిచేసే నరసాపురం సలోమి అక్క డ్రిప్ మారుస్తూ, "ముగ్గురికీ కొసరి కొసరి వేశావు గదే, నీ నోటికేమన్నా ప్లాస్టరేశారా?" అంది. నవ్వించాలనే అంది. నాకు ఏడుపొచ్చింది.

మేడమ్ పళ్లు పంపింది. "సిస్టర్ ముందే చెప్పాల్సింది" అందట. చెప్పాను. చెప్పిన మాట, ఆమె ఇచ్చిన జవాబు, తేదీతో సహా నా డైరీలో ఉన్నాయి.

ఎన్నో నెలలు తిరిగి, కఫీల్‌ని, అంటే నా వీసాకి పూచీ ఉన్న యజమానిని, మార్చుకుని, ఇప్పుడు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఎక్స్‌రే క్లియర్‌గా ఉంది. రీమ్ మీద నాకు కోపం లేదు. పెద్దవాళ్ల మీద ఉంది, తగ్గించుకోవాలని కూడా లేదు.

యజమానుల వెంట ఎత్తైన ఊళ్లకు వెళ్లే అక్కలకూ చెల్లెళ్లకూ ఒక్కటే చెబుతాను. వాళ్లు డాక్టరు గదిలోకి వెళ్తే మీరూ వెళ్లి, పక్క కుర్చీలో కూర్చోండి. మీ పేరు మీద మందుల చీటీ చేతికొచ్చేదాకా లేవకండి.