క్యాబేజీకి మూడు ట్రయళ్ళు

టక్.

మెట్ల మొదట్లో నిలబడితే ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది. చెక్కదిమ్మ మీద చిన్న ఉలి దెబ్బ. తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ ఉండదు. పైన మనుషులున్నారా లేరా అని అనుమానం వచ్చేంత నిశ్శబ్దం. మళ్ళీ టక్. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ నిశ్శబ్దంలో ఒక కాజా పుడుతుంది. కోటులో బొత్తాం దూరే కన్నం అది. దాని అంచు చుట్టూ పట్టుదారం, కుట్టుకుట్టుకూ చీమ తలకాయంత ముడి.

మెట్లెక్కితే ఆవిడ కనిపిస్తుంది. కిటికీ పక్కన పొట్టి కుర్చీ, ఒళ్ళో కోటు, పెదాల మధ్య గుండుసూదులు. కోట్లు కుట్టే టైలర్లు ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ కాజాలకు మాత్రం అందరూ ఇక్కడికే పంపిస్తారు. ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లుకి తెలుసు. మిగతా లోకానికి కాజాలక్క. యాభై ఆరేళ్ళు. మిషను మీద కుట్టిన కాజా ఎదురైతే, "అది కాజా కాదు, ఎలక కొరికిన చోటు" అంటుంది.

ఎలకలు ఇష్టంగా కొరికేవి వేరే కొన్ని ఉన్నాయి. క్యారెట్లు, క్యాబేజీలు, ఆపిళ్ళు. వాటి జోలికి కాజాలక్క పోదు.

బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆవిడ మనసారా తిన్న కూరగాయ బంగాళాదుంప ఒక్కటే, అదీ నూనెలో మునిగి తేలితేనే. మిగతాదంతా రొట్టె, గుడ్డు, మాంసం, పాలెక్కువ టీ. అరటిపండు నోట్లో పెట్టుకుంటే ఎవరో నమిలి ఇచ్చినట్టుంటుందిట. పచ్చి టమాటా కొరికితే జలుబు చేసిన పిల్లాడి ముక్కు గుర్తొస్తుందిట. ఉడికిన ఆకుకూర అంటే తడిసిన వెల్వెట్టు. ఇదంతా పెంకితనమే అని కొట్టిపారెయ్యలేం. కళ్ళు మూసుకుని, వేలికొసతో తడిమి, ఇది ఏ మిల్లు గుడ్డో చెప్పే మనిషి ఆవిడ. అలాంటి వేళ్ళే ఇంకో నాలుగు ఆవిడ నాలుక మీద కూడా ఉన్నాయి, అంతే.

ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. తమ్ముడు, తమ్ముడి భార్య. మరదలిది ఇస్త్రీ, మరదలిదే వంట. నోరు మాత్రం వదినామరదళ్ళిద్దరిదీ. తమ్ముడు తెల్లవారగానే డ్యూటీకి పోయి, ఆ రెండు నోళ్ళూ అలిసిపోయాక తిరిగొస్తాడు. తెలివైనవాడు.

గొడవ రక్తపరీక్షతో మొదలైంది.

"గీత మీద నిలబడ్డారక్కా," అంది డాక్టరమ్మ కాగితం చూస్తూ. "షుగరు ఇంకా ఇంట్లోకి రాలేదు, గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. రొట్టె తగ్గించండి, కూరగాయలు పెంచండి, రోజూ నడవండి. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దాం. లోపలికి వచ్చి కూర్చుందంటే కిడ్నీలు, కాళ్ళు, కళ్ళు, దేన్ని పట్టుకుంటుందో చెప్పలేను."

కిడ్నీల మాటా కాళ్ళ మాటా కాజాలక్క చెవికెక్కలేదు. "కళ్ళా?" అంది.

"కళ్ళు కూడా."

కాసేపు ఆవిడ తన చూపుడువేలి మీద సూదిపోట్ల మచ్చల్ని చూసుకుంది. కళ్ళు పోతే ఆ వేలికి పనేముంది? తర్వాత చివరి ఆశగా అడిగింది.

"బంగాళాదుంప కూడా కూరగాయే కదా డాక్టరమ్మా?"

"మీ విషయంలో కాదు."

ఇంత చెప్పి డాక్టరమ్మ, పనిలో పనిగా, తన కొత్త ఉన్నికోటు కాజాలకని ఆవిడ చేతిలోనే పెట్టి పంపింది.

ఆ సాయంత్రమే మరదలు ఒక ఎత్తు వేసింది. కోటుకి లోపల లైనింగ్ వేస్తారు, బయటికి కనపడదు. వంటకి ఎందుకు వెయ్యకూడదు? ఆమ్లెట్టులో ఉడికించి రుబ్బిన కాలీఫ్లవరు. మాంసం ఉండల్లో సన్నగా తురిమిన క్యారెట్టు. నాలుగు రోజులు సుఖంగా గడిచాయి. అయిదో రోజు మధ్యాహ్నం కాజాలక్క నమలడం ఆపింది. మాంసం ఉండని రెండుగా విప్పి, గుండుసూదితో ఒక నారింజరంగు పోగుని బయటికి లాగి, కిటికీ వెలుతురులో పట్టుకుంది.

"ఏమే, ఏంటిది?"

"మాంసం వదినా."

"మాంసానికి నారింజరంగు నరం ఉంటుందా? ఏ జంతువే అది?"

"నాలుగు రోజుల్నించి తింటున్నావు. ప్రాణం పోయిందా?"

"నాలుగు రోజుల్నించా! నా కంచంలో నాకు తెలీకుండా లైనింగ్ వేస్తావా? లైనింగ్ వేసేముందు కోటు ఎవరిదో వాళ్ళని అడుగుతారే, దొంగతనంగా వెయ్యరు."

"అడిగితే తొడుక్కుంటావా?"

"తొడుక్కోను."

"మరి!"

ఆ 'మరి' వినగానే కాజాలక్క అలిగింది. మూడు రోజులు పెంకుతో ఉడికించిన గుడ్డు, టీ తప్ప వంటింట్లోంచి వచ్చిన ఏదీ ముట్టలేదు. "పెంకులోకి నువ్వైనా దూరలేవు" అని మరదలి ఎదురుగానే గుడ్డు ఒలుచుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం, టక్.

మరదలు ఇస్త్రీపెట్టె పైకెత్తి ఆగిపోయింది. పదకొండేళ్ళుగా వింటున్న చప్పుడు కాదది. ఎక్కడో కాలు జారిన చప్పుడు. తర్వాత రావలసిన నిశ్శబ్దం రాలేదు. కుర్చీ కిర్రుమంది.

డాక్టరమ్మ కోటు మీద నాలుగో కాజా సుద్దగీతకి పక్కన పడింది. మెతుకంత తేడా. మీకూ నాకూ కనపడదు. కానీ కోసిన కాజా మళ్ళీ అతుక్కోదు. కాజాలక్క సూదిని వెలుతురులోకి ఎత్తి దారం పెట్టబోయింది. సూదికి రెండు బెజ్జాలు కనిపించాయి. దారం ఆ రెండిటి మధ్యనుంచి నెమ్మదిగా, గాలిలోకి వెళ్ళిపోయింది.

"కళ్ళు పోయాయే," అంది.

అరవలేదు. మరదలికి భయమేసింది అందుకే.

ఇద్దరూ కోటు చంకన పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ కళ్ళలోకి లైటు వేసి అటూ ఇటూ చూసింది.

"కళ్ళకేమీ కాలేదు. ఈ మూడు రోజులూ ఏం తిన్నారు?"

"గుడ్డు."

"గుడ్డూ ఇంకేంటి?"

"గుడ్డే," అంది మరదలు. "ఇంకా నయం, పెంకు వదిలేసింది."

"మీది చూపు పోవడం కాదక్కా, ఆకలి. కోడిపిల్ల కూడా గుడ్డు అయిపోగానే బయటికొచ్చి గింజలేరుకుంటుంది. ఈసారికి ఆకలి. షుగరు నిజంగా గుమ్మం దాటిందంటే ఇలా తినమని చెప్పి పంపించలేను."

కాజాలక్కకు ఊపిరి తిరిగొచ్చింది. ఊపిరితో పాటు పొగరూ తిరిగొచ్చింది. "తెచ్చాం కదా, తొడిగి చూడండి" అని కోటు ముందుకి చాపింది. నడుం దగ్గర బిగుతు. గుండుసూదులు నోట్లో పెట్టుకుని డాక్టరమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఒకటిన్నర అంగుళం పెరిగారు. మీరు తినేది కూరగాయలేనా?" అని అడిగింది.

"నాలుగో కాజా పక్కకి పోయినట్టుందే," అని డాక్టరమ్మ మాట మార్చింది. "పోనీలెండి, నాకిది నప్పేట్టు లేదు. ఎవరికైనా ఇచ్చేస్తా."

"ఇచ్చెయ్యడమేంటి? ఒక్కసారి తొడిగి సరిపోలేదంటే ఎలా? ఇక్కడ వదులుతాం, అక్కడ బిగిస్తాం. మళ్ళీ తొడుగుతాం. మూడు ట్రయళ్ళు వెయ్యనిదే నేను గుడ్డని వదలను. అప్పటికీ కుదరకపోతే తిప్పి పంపిస్తా."

మరదలు గొంతు సవరించుకుంది. "వదినా, క్యాబేజీకి ఒక్క ట్రయలైనా వేశావా?"

డాక్టరమ్మ నవ్వాపుకుంటే నడుం దగ్గర పెట్టిన గుండుసూది గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి కొలతల పుస్తకం వెనకవైపు కూడా నిండడం మొదలైంది. దాచకూడదు, బతిమాలకూడదు. ఒక్కో దానికి మూడు ట్రయళ్ళు, ట్రయలుకి ఒక్కటే మార్పు, ఒక్కటే చెంచా. రాత కాజాలక్కది.

'క్యాబేజీ. ఉడికించినది: మూడు రోజులు తొడిగిన సాక్సు. రెండో ట్రయలు: దారంలా తరిగి, మండే పెనం మీద, మాడబోతుండగా దించినది. నోట్లో చప్పుడు చేస్తోంది. మూడో ట్రయలు: అదే, మిరియాలతో. తీసుకోవచ్చు.'

'బీట్రూట్. రంగు పోతుంది. మూడుసార్లూ.'

'కీర. లోపల మనిషి లేని చొక్కా. తిప్పి పంపాం.'

'ఆపిల్. పచ్చిది సుద్దముక్క. చీలికలు కోసి పెనం మీద కాలిస్తే నడుం దగ్గర కొంచెం వదులు. కానీ పెద్దమనిషి, ఉండనిచ్చాం.'

'అరటి. మొదటి ట్రయలుకి నేను రాలేదు.'

నెల దాటేసరికి మరదలికి వదిన గుట్టు తెలిసిపోయింది. ఆవిడ పగంతా తడి మీద. బీన్సుగానీ క్యారెట్టుగానీ అంచులు గోధుమరంగుకి తిరిగేదాకా కాలిస్తే, కిటికీ పక్కన కూర్చుని కరకరా నమిలేస్తుంది. టమాటా నీళ్ళన్నీ ఇగిరి ముద్దయితే మాంసం పక్కన పడనిస్తుంది. పద్నాలుగింటికి ట్రయలు వేస్తే అయిదు నిలిచాయి. రొట్టెలు ఆరు నుంచి మూడుకి దిగాయి, ఒక్కో రొట్టెకీ ఒక్కో యుద్ధం జరిగాక. సాయంత్రం నడక మాత్రం పక్కవీధి మిషను టైలరు కొట్టుదాకా. అతని కాజాలను తిట్టి వెనక్కి రావడానికి సరిగ్గా అరగంట.

ఇంట్లో మరో మార్పు కూడా వచ్చింది, అది పుస్తకంలో ఎక్కలేదు. వెనకటికి పొద్దున్నే కాజాలక్క బాత్రూములోకి వెళ్ళిందంటే తమ్ముడు మొహం కడక్కుండానే డ్యూటీకి పోయేవాడు. ఇప్పుడు రేడియోలో ఒక్క పాట పూర్తికాకముందే ఆవిడ బయటికొస్తోంది. ఒకరోజు అతను టిఫిను డబ్బా సర్దుకుంటూ ఏడాదికి సరిపడా మాట్లాడాడు. "అక్కా, ఆ క్యాబేజీకి నా తరఫున కూడా ఒక దణ్ణం పెట్టు."

మూడు నెలలకి పరీక్ష కాగితం వచ్చింది. డాక్టరమ్మ అది రెండుసార్లు చదివింది. "వెళ్ళిపోలేదు గానీ, చెప్పులు మళ్ళీ తొడుక్కుంటోందక్కా. ఇలాగే ఉండండి."

కోటు కూడా ఆ రోజే ఇచ్చేశారు. నడుం వదిలారు. పక్కకి పడ్డ కాజాని కాజాలక్క అక్కడే, అంత శ్రద్ధగానూ కుట్టింది. బొత్తాన్ని మెతుకంత జరిపింది. తొడుక్కుంటే తేడా తెలియదు.

ఈ సంగతులు రాసుకోవడానికి వెళ్ళినవాడు తన పాత కోటు కూడా పట్టుకెళ్ళాడు. ఆవిడ కాల్చిన బీన్సు ఒక్కొక్కటే నములుతూ అన్నీ చెప్పింది, కోటు తిరగేసి చూసి పాత కాజాలను తిట్టింది. అతను మెట్లు సగం దిగాక పైనుంచి పిలిచింది.

"ఇదిగో నాయనా, అన్నీ రాసుకో. కూరగాయలంటే నాకిష్టమని మాత్రం రాశావో, నీ కోటు పాత కాజాలన్నీ కుట్టి మూసేసి కొత్తది ఒక్కటి కూడా వెయ్యను. బొత్తాలు ఎలా పెట్టుకుంటావో చూస్తా!"