చెవి వెనక గోధుమ మొలక

భిలాయి పవర్‌హౌస్ బజారులో మా కరెంటు సామాన్ల కొట్టు ముందున్న స్తంభానికి పోయిన నెల ఎవరో పోస్టరు కట్టి వెళ్లారు. ఆదివారం బహిరంగ చర్చ అట. వెనకటికి ఒక గుట్ట చుట్టూ ఉన్న గోండు ఊళ్లకీ అప్పటి రాజుకీ కుదిరిన ఒప్పందం ఈనాటి కోర్టులో చెల్లుతుందా, చెల్లదా అన్నది విషయం. చెల్లుతుందని వాదించే వకీలు ఫోటో మధ్యలో పెద్దగా వేశారు. నల్లకోటు, నెరిసిన పాపిట, కళ్లద్దాలు. ఎండ సూటిగా ఆ ఫోటో మీదే పడుతుంటే, వెలిసిపోతుందేమోనని రోజూ ఆశగా చూసేదాన్ని.

ఆవిడ నా భోజలీ. ఈ మాట ఛత్తీస్‌గఢ్ బయటివాళ్లకి విప్పి చెప్పాలి. శ్రావణంలో ఇక్కడి ఆడపిల్లలు చిన్న బుట్టల్లో గోధుమలు చల్లి చీకటి మూల పెడతారు. మొలకలు లేత పసుపు రంగులో, పట్టుకుంటే విరిగేలా వస్తాయి. రాఖీ మర్నాడు వాటిని నీళ్లలో కలిపేసి, మిగుల్చుకున్న నాలుగు మొలకలు ఒకరి చెవి వెనక ఒకరు దోపుకుంటారు. అంతే, ఆ ఇద్దరూ బతికినంతకాలం భోజలీలు. ఒకరి పేరు ఒకరు పలకకూడదు, ఎదురైతే "సీతారామ్ భోజలీ" అని పలకరించుకోవాలి. కాలేజీలో చేరిన ఏడాది, నందిని అనే ఊళ్లో గనుల కాలనీలో వాళ్ల క్వార్టరు ముందు, సున్నపురాయి దుమ్ము పట్టిన జామచెట్టు కింద, తడిచేత్తో ఆవిడ నా చెవి వెనక దోపింది. చల్లగా, చక్కిలిగింతగా ఉంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

కాలేజీ చర్చా పోటీల్లో వాదించేదాన్ని నేను. కప్పులన్నీ నావే. ఆవిడ వెనక బెంచీలో కూర్చుని నా నీళ్ల సీసా పట్టుకునేది. అయినా మా ఇంటికొస్తే అమ్మ పకోడీల్లో కరకరలాడేవన్నీ ఏరి ఆవిడ పళ్లెంలోనే వేసేది. ఇదేం న్యాయమని అడిగితే, "నువ్వు అరిసి గెలుస్తావే. ఆ పిల్ల నవ్వి ఒప్పించేస్తాది. పకోడీలు ఎవులికెడతారేటి?" అంది. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లే. తరవాత ఆవిడ లా చదివింది. నేను ఈ కొట్టుకి కోడలినై వచ్చాను. నా వాదనంతా ఫ్యూజు వైరు వెనక్కి తెచ్చేవాళ్ల మీద ఖర్చవుతోంది.

అసూయ కోటు మీద మాత్రమే కాదు. ఆ గుట్ట కింది ఊరు వాళ్ల తాతలది. నేనేం చెప్పుకోను? నాన్న స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఒళ్లు కాల్చుకుని, రిటైరైన రోజున క్వార్టరు తాళం చేతిలో పెట్టి వచ్చేశాడు. నన్ను అడక్కుండా ఇక్కడ మట్టి తీయకూడదు అనగలిగే చోటు నాకు భిలాయిలో లేదు, మావాళ్లు వదిలి వచ్చిన శ్రీకాకుళంలోనూ లేదు.

అందుకే ఆ ఆదివారం హాలుకి వెళ్లాను. ఒక్కసారి, నలుగురి ముందు, ఆవిడ నోరు మూయించాలి. ప్రశ్న దారంతా నూరుకుంటూ వెళ్లాను. హాల్లో మా ఆయన పక్కన కూర్చుని పల్లీలు వలుస్తున్నారు.

అవతలి వకీలు గట్టివాడు. రాజు లేడు, సంతకం లేదు, ఏటా ఒక వెదురు గొట్టం తేనె పుచ్చుకుని గుట్ట మీద గొడ్డలి వేసేముందు ఊరిని అడుగుతానన్నాడట, దాన్ని పట్టుకుని ఇవాళ గుట్టలో గని తవ్వకం ఆపమంటే ఎలా అన్నాడు. ఆవిడ గొంతు పెంచకుండా, "తేనె ఇప్పటికీ తీస్తున్నాం. పుచ్చుకునేవాళ్లు లేక దేవుడి ముందు పెడుతున్నాం. మా వైపు మాట మేం తప్పలేదు," అంది. నాకు ఒళ్లు మండింది.

చెయ్యెత్తాను. మైకు వచ్చింది. "దీదీ, ప్రశ్న ఎవరికో పేరు చెప్పి అడగండి," అన్నాడు సభ నడిపే కుర్రాడు. పేరు ఆవిడ వెనక బ్యానరు మీద మూరెడు అక్షరాల్లో ఉంది. నోరు తెరిచాను. రాలేదు. మళ్లీ తెరిచాను. వకీల్ సాహిబా అనొచ్చని ఇంటికొచ్చాక తట్టింది. అప్పుడు మాత్రం నా నోట వచ్చింది ఒక్కటే, "సీతారామ్ భోజలీ."

వెనక వరసల్లో ఛత్తీస్‌గఢీ ముసలమ్మలు గొల్లున నవ్వారు. ఆవిడ కళ్లద్దాలు తీసి, కుర్చీలోంచి లేచి నిలబడింది. "సీతారామ్ భోజలీ. అడుగు."

అడిగాను. "ఇచ్చినవాళ్లూ పోయారు, పుచ్చుకున్నవాళ్లూ పోయారు. రాసుకోని మాట ఈనాటి మనిషిని ఎలా కట్టేస్తుంది?"

"నువ్వే చెప్పు భోజలీ. నా పేరు ఎందుకు పలకలేకపోయావు?"

చప్పట్లు. స్నేహం వేరు, చట్టం వేరు, ఈ భోజలీలిద్దరూ బతికే ఉన్నారు అని అవతలి వకీలు వెంటనే అన్నాడు. ఎంత మంచి మాట! అది నాకు తట్టనందుకు ఇవాళ్టికీ కడుపు మండుతోంది. చర్చ తేలలేదు, గుట్ట కేసు కోర్టులోనే ఉంది. నేను మాత్రం ఓడిపోయాను, అదీ నా నోటితోనే.

స్కూటరు మీద మా ఆయన, "ఏటే, దాచుకున్న కప్పులన్నీ మీ భోజలీకి ఇచ్చీసి వచ్చీసినావా?" అన్నారు.

"మీరు ముందు రోడ్డు చూడండి."

పోస్టరు ఇంకా స్తంభానికే ఉంది. ఫోటో వెలిసింది, పేరు కూడా వెలిసింది. నేను కోరుకున్నదే. రంగులేమిటి, మా ఇద్దరి జుట్టునీ నాన్న క్వార్టరునీ కూడా కాలం వదల్లేదు. దోపిన సాయంత్రానికే వాడి రాలిపోయిన ఆ మొలకని మాత్రం నా చెవి వెనకనుంచి ఇంతవరకూ తీయలేకపోయింది.