ఎడమచేతి గిటారుకి కుడిచేతి బేరం

ఆ రోజుల్లో, అంటే బెంగళూరు చిక్కపేటకి ఇంకా మెట్రో రాక, చీరల మూటలు మోసే హమాలీలు పక్కకి జరగమంటే సేట్లు కూడా గోడకి అతుక్కుపోయే కాలంలో, మనిషికి చేతులు రెండున్నా వ్యాపారానికి పనికొచ్చేది ఒకటే. మా నాయనది టోకు చీరల అంగడి. ఎడమ చేత్తో చీర అందిస్తే కూర్చున్న గిరాకీ లేచిపోతుందని ఆయన నమ్మకం. నేనేమో పుట్టుకతోనే ఎడమచేతివాటం వాణ్ణి. అందుకని సెలవుల్లో అంగడి పరుపు మీద కూర్చోబెట్టినప్పుడల్లా ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకోమని ఆజ్ఞ. ఖాళీగా ఉన్న కుడి చేత్తో నేను చేసేదేమీ లేదు గనుక, మా నాయన బేరమాడే తీరు చూస్తూ కూర్చునేవాణ్ణి. నచ్చిన సరుకు వైపు చూడకూడదు. నచ్చని దాని ధర ముందు అడగాలి. నీ అవసరం ఏమిటో అమ్మేవాడికి చచ్చినా చెప్పకూడదు. పదహారేళ్ళు నిండేసరికి చెయ్యి దాచడంలో, బేరమాడడంలో నన్ను మించినవాడు మా వీధిలో లేడు. ఆ రెండు విద్యలూ ఒకేసారి ప్రయోగించి నేను సాధించిన ఘనకార్యం చెబుతాను.

నా మొదటి గిటారు మా పెద్దమ్మ కొడుకుది. వాడు రెండు నెలలు నేర్చుకుని, వేళ్ళు నొప్పులని నాకు పారేశాడు. నేను దాన్ని తిరగేసి పట్టుకున్నాను. మామూలుగా గిటారులో లావు తీగ పైన, సన్న తీగ కింద ఉంటాయి. తిరగేస్తే సన్నది పైకి, లావుది కిందకి వస్తాయి. చెప్పేవాడు లేడు గనుక నేను పదేళ్ళు అలాగే వాయించాను. రెండోది ఆదివారం సంతలో కొన్న పాత ఎలక్ట్రిక్ గిటారు. తిరగేస్తే దాని మీటలన్నీ సరిగ్గా నా మోచేతి కిందికి వచ్చి, పాట మంచి ఊపులో ఉండగా శబ్దం దానంతటదే తగ్గిపోయేది. (వినేవాళ్ళు దాన్ని నా భావుకత అనుకునేవారు. నేనూ కాదనలేదు.) ఎక్కడ తప్పు వాయించినా, నాకో ఎడమచేతి గిటారు దొరకనీ అప్పుడు చూద్దురుగాని అనేవాణ్ణి. ఆ ఒక్క మాటతో చాలా ఏళ్ళు లాక్కొచ్చాను.

మా రాక్ బ్యాండులో మిగతా ముగ్గురూ మారతహళ్ళి పీజీ హాస్టల్లో ఉండే సాఫ్ట్‌వేర్ మనుషులు. పాడేవాణ్ణి అందరం గొంతు అనే పిలిచేవాళ్ళం. అనంతపురం నుంచి వచ్చాడు. లోకాన్ని తగలబెట్టేయమని పాటలు రాసేవాడు. (సోమవారం పొద్దున మాత్రం మెడలో బిళ్ళ వేసుకుని కంపెనీ క్యాబు కోసం పది నిమిషాల ముందే నిలబడేవాడు.) మారతహళ్ళిలోనే ఒక పబ్బువాళ్ళు మమ్మల్ని వచ్చే ఆదివారం గంటసేపు వాయించమన్నారు. జనానికి నచ్చితే ఇక ప్రతి ఆదివారమూ మాదేనన్నారు. ఆ కబురు విన్న మర్నాడే బస్సులో ఎవరి మోకాలో తగిలి నా గిటారు మెడ విరిగింది. గొంతు చాలా ఓదార్పుగా మాట్లాడాడు.

"మచ్చా, సండేలోపల గిటార్ రెడీ చేసుకోకుంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటాం రా. పర్సనల్‌గా తీసుకోవద్దు."

పదేళ్ళుగా ఎదురుచూసిన వేదిక. నాకు మిగిలింది అయిదు రోజులు.

బళేపేటలో ఒక మేడ మీద వీణలూ గిటార్లూ బాగుచేసి అమ్మే ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. అందరూ తీగల తాత అనేవారు. మెట్లెక్కి లోపలికి తొంగిచూశానో లేదో, గోడకి వేలాడుతూ ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు కనిపించింది. అచ్చమైన ఎడమచేతిది. వెంటనే అటువైపు చూడడం మానేసి, పక్కనున్న వయొలిన్ ధర అడిగాను. తర్వాత రెండు వీణలవి అడిగాను. చివరికి, పోతూ పోతూ అడిగినట్టు, ఆ ఎర్రదేమిటి తాతా తిరకాసుగా ఉంది అన్నాను.

"అది ఎడమచేతి సామాను అప్పా. రెండేండ్లుగా ఈడనే ఉండాది. నువ్వు ఏ చేత్తో వాయిస్తావు?"

అమ్మేవాడు నా అవసరం తూచుతున్నాడు! అంత పసివాణ్ణి కాను. "కుడి చేత్తోనే," అన్నాను.

తాత ధర చెప్పాడు. నాకెందుకూ పనికిరాదు, గోడకి అలంకారంగా పెట్టుకోవాలంటే సగానికివ్వు అన్నాను. సరే, నీ వాటం చూద్దామని ఆయన నా చేతికి ఒక మామూలు గిటారు ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి కుడి చేత్తో వాయించాను. కింద వీధిలో ఆటోవాడు తలెత్తి పైకి చూశాడు. తాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "వస్తాది లే అప్పా, కొత్తలో అందరికీ ఇంతే," అన్నాడు. పదేళ్ళ కళాకారుణ్ణి, నోరు మూసుకుని ఆ ఓదార్పు స్వీకరించాను. జాలిపడితే ఇంకో వంద తగ్గిస్తాడని ఆశ.

ఆ రోజు లేచి వచ్చేశాను. గడప దగ్గర చెప్పుల్లో కాలు పెట్టడానికి ఎంతసేపు పట్టాలో అంతకి మూడింతలు తీసుకున్నాను. చిక్కపేటలో అయితే ఈపాటికి వెనక్కి పిలుస్తారు. తాత పిలవలేదు. గురువారం మళ్ళీ వెళ్ళి కాస్త పెంచాను, ఆయన కాస్త తగ్గించాడు, మళ్ళీ చెప్పులు వేసుకున్నాను. శనివారం వెళ్ళేసరికి ఎర్ర గిటారు గోడ మీద లేదు. తాత ఒళ్ళో ఉంది.

"కూర్చో అప్పా. వచ్చినప్పుడల్లా అంగడిలో అన్నీ చూస్తివి, దీన్ని తప్ప. అప్పుడే తెలిసిపోయె, నీ మనసంతా దీని మీదే ఉండాది అని. అందుకే నిన్న కూర్చుని నీకోసం కుడిచేతికి మార్చేస్తిని. తీగలన్నీ అటువి ఇటు చేసినాను. నువ్వు అడిగిన రేటే ఇయ్యి, పనికేమీ వద్దు."

బేరం గెలిచాను. ఏడుపొచ్చింది. ఆ మసక కళ్ళతో ఆయన తీగలకి కొత్త గాట్లు పెట్టడానికి రోజంతా ఆకురాయి పట్టి కూర్చున్నాడు. అబద్ధం చెప్పానని అనడానికి నోరు రాలేదు. డబ్బిచ్చి గిటారు ఇంటికి తెచ్చుకుని, ఇక నావల్ల కాదని గొంతుకి ఫోను చేయడమే తరువాయి అనుకుంటూ, ఊరికే ఎడమచేతి వాటంగా పట్టుకుని మీటాను. వేళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. సన్న తీగ పైన, లావు తీగ కింద! నేను నేర్చుకున్నదే ఆ తలకిందుల వరస. తాత మార్చకుండా ఇచ్చి ఉంటే, పదేళ్ళుగా నేను కలలుగన్న అసలు ఎడమచేతి గిటారు మీద నాకు ఒక్క పాట కూడా వచ్చేది కాదు. ఈ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఆదివారాలు మావే అయ్యాయి. నెల తిరిగాక మీట ఒకటి గరగరమంటుంటే తాత దగ్గరికే తీసుకెళ్ళాను. ఆయన గిటారుని అటూ ఇటూ తిప్పి, దాని ఒంటి మీద పడ్డ గీతల్ని వేలితో తడిమాడు. కుడిచేతివాడు వాయిస్తే ఆ గీతలు అక్కడ పడవు.

"నువ్వు ఎడమచేతోడివి కదప్పా. ఎందుకు అబద్ధం చెప్పినావు?"

"బేరం కోసం తాతా."

తాత మీట విప్పి పక్కన పెట్టాడు. "దీన్ని ఇచ్చిపోయినాయన ఒక్క పైసా తీసుకోలే. ఎడమచేతోడు ఎవుడన్నా వస్తే సుమ్నే, ఊరికే ఇచ్చెయ్యి అని చెప్పిపోయినాడు. అందుకే వచ్చినోళ్ళనంతా ఏ చేత్తో వాయిస్తావు అని అడుగుతా ఉంటిని. ఎవురూ రాకపాయె."

గల్లాపెట్టె తెరిచి నా డబ్బు వెనక్కివ్వబోయాడు. వద్దన్నాను. (చేతికొస్తున్న డబ్బుని వద్దన్నవాడు మా వంశంలో నేనే మొదటివాణ్ణి. మా నాయనకి ఇప్పటికీ చెప్పలేదు.) పోనీ ఒక పాట వాయించమన్నాడు. ఎడమ చేత్తో వాయించాను. అంతా విని, "ఇంత బాగా వాయిస్తావే, ఆ పొద్దు అంత కష్టపడి ఎందుకప్పా చెడగొట్టినావు?" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు గిటార్లు కొన్నాను. నాలుగూ ఎడమచేతివే, నాలుగింటికీ తీగలు తలకిందులే. ఇప్పుడు ఏ అంగడిలోకి వెళ్ళినా, ఎవరూ అడగకముందే, నేను ఎడమచేతివాణ్ణని గట్టిగా చెప్పేస్తాను. ఆ మాట వినగానే, అయ్యో అది ప్రత్యేకంగా తెప్పించాలి సార్ అని ధర పెంచుతారు. చెప్పడానికీ పెంచడానికీ మధ్య మాత్రం ఒక్క క్షణం ఆగి వాళ్ళ మొహం వైపు చూస్తాను. ఇంతవరకు ఎవరూ ఊరికే తీసుకుపొమ్మనలేదు. నవ్వుకుంటూ పర్సు తీస్తాను.