పొయ్యి మీద చెయ్యి

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. నేలను పొరలు పొరలుగా తవ్వించడం నా ఉద్యోగం. ఎన్ని పాతకాలపు ఇళ్ళు తవ్వినా ఎవరూ లేచి నన్ను పలకరించలేదు.

రెండేళ్ళ క్రితం జొన్నాడ దగ్గర ఒక కొబ్బరితోటలో, గోదావరి ఇసుక కింద కూరుకుపోయిన మధ్యయుగపు పట్నాన్ని తవ్వాం. ఒక గొయ్యి నాది, పక్కది సరళది. సరళ హైదరాబాద్ మనిషి, నాది పక్కనే ఉన్న ఆలమూరు. అయినా ఈ నేల ఆమెకే లొంగింది. ఆమె గోతిలో ఇటుక గోడలు, పూసలు, ప్రమిదలు. నా గోతిలో ఇసుక. డైరెక్టర్ గారు పొద్దున్నే నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళేవారు. నాకు కడుపు మండిపోయేది. పైగా వచ్చే ఏడాది ఒక్క గొయ్యే కొనసాగిస్తామన్నారు.

చివరి వారం నా గోతిలో ఒక పొయ్యి బయటపడింది. మంటకు కాలి కాలి రాయిలా గట్టిపడిన మట్టి, పైన నున్నటి అలుకు. ఫోటోలు తీసి భోజనానికి వెళ్ళాను. ఆ రోజు ఆవకాయ అన్నం ఎంత రుచిగా ఉందో!

తిరిగి వచ్చేసరికి పొయ్యి గట్టు మీద అరచేతి గుర్తు ఉంది. మా అమ్మమ్మ కూడా కొత్త పొయ్యి అలికాక చివర్లో అలాగే చెయ్యి వేసేది. సంబరంగా వంగి చూశాను. చిటికెన వేలు సగమే ఉంది.

సరళ చిటికెన వేలు సగమే. చిన్నప్పుడు తలుపు సందులో నలిగిందట.

"మీరు నొక్కేరా?" అని అందరి ముందే అడిగేశాను.

"కాలిన మట్టి పద్మ గారూ, నొక్కితే పడుతుందా?" అంటూ ఆమె వచ్చి చెయ్యి ఆనించింది. అచ్చంగా సరిపోయింది. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

మట్టి మోసే సత్తెమ్మ తొంగి చూసింది. "ఆయ్, ఈవిడ చెయ్యేనండీ. కానీ మాతోనే కూర్చుని భోంచేసేరండీ, ఇటు రానే లేదు."

నేను తీసిన ఫోటోల్లో ఆ చోటు నున్నగానే ఉంది. ఇప్పటికీ పెద్దది చేసి చూస్తుంటాను.

మరుసటి ఏడాదికి నా గొయ్యినే ఎంచుకున్నారు. బాధ్యత మాత్రం సరళకిచ్చారు. "ఆ ఇల్లు ఆవిణ్ణి పిలిచినట్టుందండీ" అని డైరెక్టర్ గారు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

తోట వదిలే రోజు అందరూ వ్యాన్ ఎక్కాక, వెనక్కి వెళ్ళి నా చెయ్యి కూడా పెట్టి చూశాను. నా చిటికెన వేలు ఆ గుర్తు దాటి బయటికి వచ్చేసింది.

ఆ గుర్తు ఎలా పడిందో నాకు తెలియదు. మా ఊరి మట్టి, మా అమ్మమ్మ అలవాటు, నేను తవ్వించిన పొయ్యి. నా చెయ్యి ఎందుకు కాదో, అదీ తెలియదు.