పికప్ కింద అట్టముక్క

మా డిపార్ట్‌మెంట్ డ్రైవర్ సాబ్ మొన్న ఆదివారం పొద్దున పోయారు. ఆ వేళకు నేను తార్నాకలో మా ఇంటి వసారాలో కూర్చుని, మర్నాటి ట్రిప్పు కోసం మొక్కలు అదిమి ఆరబెట్టే పాత పేపర్లను కట్టలు కడుతున్నాను. మా అటెండర్ సైకిల్ దిగి, గేటు కూడా తీయకుండానే చెప్పాడు. చాయ్ తాగుతూ తాగుతూ పక్కకు ఒరిగిపోయారట. డాక్టర్ కోసం మనిషి వెళ్లేలోపే అయిపోయిందట. నేను విన్నాను. విని, చేతిలో ఉన్న కట్టకు ముడి వేసి ఇంకో కట్ట తీసుకున్నాను. అదీ కట్టేశాను. "అమ్మా, మన డ్రైవర్ సాబ్ గురించి చెప్తున్న" అని అతను రెండోసారి అనవలసి వచ్చింది.

ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మకం కుదరడం లేదు. శనివారం సాయంత్రం నన్ను ఇంటి ముందు దింపింది ఆయనే. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో నాకొక సంగతి తెలిసింది. దాన్ని చివరనే చెబుతాను. ముందే చెబితే ఈ మూడేళ్లూ నేను చూసిన మనిషిని మీరు చూడలేరు.

నేను యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెబుతాను. పిల్లల్ని అడవులకూ గుట్టలకూ తిప్పి మొక్కలు సేకరించడానికి మాకొక పాత పికప్ ఉంది. పరాయి దేశం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ తన పని ముగిశాక డిపార్ట్‌మెంట్‌కు వదిలివెళ్లిన బండి అది. బండితో పాటు ఆకుపచ్చ ద్రవం ఉన్న డబ్బాలు కొన్ని ఇచ్చి, రేడియేటర్ నీళ్లలో ఈ కూలెంట్ కలపాలని చెప్పి వెళ్లాడు. హైదరాబాద్‌లో అందరూ కుళాయి నీళ్లే పోసుకుంటారు. డ్రైవర్ సాబ్ మాత్రం "దొర చెప్పిపోయిండు" అని కొలిచి మరీ కలిపేవారు.

పందొమ్మిది వందల అరవై ఆరు చలికాలంలో ఆ బండిలో ఒక వాసన మొదలైంది. తియ్యటి, కడుపులో తిప్పే వాసన. గంట ప్రయాణం చేస్తే తలనొప్పి. ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు పొగమంచు పట్టేది, డ్రైవర్ సాబ్ దాన్ని పేపర్‌తో తుడిచి తుడిచి నడిపేవారు. ఒక ట్రిప్పులో ఇద్దరు ఆడపిల్లలు వాంతి చేసుకున్నారు. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. తిరిగి వచ్చిన రోజే హెడ్డుగారికి అర్జీ రాసి పడేశాను. ఆయన నాకంటే తొందర మనిషి. వారంలో వాసన పోకపోతే బండిని అమ్మేస్తామని, డ్రైవర్‌ను గేటు కాపలాకు వేస్తామని చెప్పేశారు. నేను బండి మీద రాసిన అర్జీ మనిషి మెడకు చుట్టుకుంది.

డ్రైవర్ సాబ్ నన్ను ఒక్క మాట అనలేదు. "వారం అంటే మస్తు దినాలమ్మా" అన్నారు. రేడియేటర్ చూశారు, రబ్బరు గొట్టాలు చూశారు, పంపు చూశారు. అన్నీ పొడిగా ఉన్నాయి. సాయంత్రం షెడ్డులో బండి కింద ఒక అట్టముక్క పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు పెట్టి వెళ్లేవారు. పొద్దున చూస్తే అట్ట మీద చుక్క లేదు. రేడియేటర్‌లో నీళ్లు మాత్రం తగ్గేవి. తొందరపడి మూత తిప్పబోయిన నన్ను చెయ్యి పట్టి ఆపి, "వేడి మీద మూత తీసినోడు మూతి కాల్చుకుంటడు" అన్నారు. ఆ మాట ఆయన హెడ్డుగారి గురించి కూడా అనేవారు.

మూడో రోజు నుంచి నన్ను పిలవడం మొదలుపెట్టారు. ఇంజన్ వేసి, నన్ను బానెట్ దగ్గర ఒకసారి, వెనక బల్ల మీద ఒకసారి, ముందు సీట్లో ఒకసారి నిలబెట్టి, కూర్చోబెట్టి అడిగేవారు.

"వాసన దేని లెక్క ఉన్నదమ్మా?"

బెల్లం పాకం మాడినట్టు ఉందన్నాను. మాడినంకనా, మాడకముందా అని అడిగారు. మాడబోయే ముందు అన్నాను. మొహం దగ్గర ఎక్కువనా, కాళ్ల కాడ ఎక్కువనా అన్నారు. పరీక్షలు పెట్టడం నా ఉద్యోగం, నాకే పరీక్ష పెడుతున్నాడేమిటి ఈ మనిషి అని లోపల విసుక్కుంటూనే, సీట్లోంచి కిందికి వంగాను. కాళ్ల దగ్గర వాసన గుప్పుమంది. కాళ్ల కింద పరిచిన చాప తడిగా, బంకగా ఉంది. ఆయన ఆ తడిని వేలితో తీసి నాలుక చివర పెట్టుకుని, వెంటనే ఉమ్మేశారు. "తియ్యగ ఉన్నది. గిది వాన నీళ్లు కాదు" అన్నారు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది, అది విషం, బుద్ధుందా అని నేను పెద్దాయనని కూడా చూడకుండా అరిచాను. బుద్ధిగా కుళాయి దగ్గర నోరు పుక్కిలించి వచ్చారు. వాసన చూస్తే సరిపోయేదానికి నాలుక ఎందుకు పెట్టారో నాకప్పుడు తట్టలేదు.

డాష్‌బోర్డు కింద, నా మోకాళ్లకు ఎదురుగా, ఒక నల్ల డబ్బా ఉండేది. అదేమిటో మాలో ఎవరికీ తెలియదు. రేడియో పెట్టుకునే చోటని కొందరు అనేవారు. పిల్లలు దాని మీద పల్లీల పొట్లాలు పెట్టుకునేవారు. డ్రైవర్ సాబ్ ఆ రోజు పడుకుని చూస్తే, ఇంజన్ నుంచి రెండు గొట్టాలు లోపలికి వచ్చి ఆ డబ్బాలోకి వెళ్తున్నాయి. చాలాసేపు చూసి, లేచి కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు.

"గిది చలిల కాళ్లు వెచ్చగ చేసే డబ్బా అమ్మా. మే నెలల గూడ మనం గీ నిప్పుల కుంపటి ముందట పెట్టుకుని, సూర్యున్ని తిట్టినం."

ఇంజన్‌లో మరిగిన నీళ్లు మా కాళ్ల ముందు తిరిగి వెళ్తున్నాయన్నమాట. ఆ డబ్బా లోపల చిల్లు పడి కూలెంట్ చాప మీదికి కారుతోంది. అందుకే బండి కింద అట్ట తడవలేదు. ఏటా పది రోజులు స్వెట్టర్ వేసుకునే ఊళ్లో అలాంటి వస్తువు ఉంటుందని ఎవరు అనుకుంటారు? ఆయన ఆ రెండు గొట్టాలనూ డబ్బా నుంచి ఊడదీసి, మధ్యలో ఒక ఇనుప గొట్టం ముక్క పెట్టి ఒకదానికొకటి కలిపేశారు. చాప కడిగి ఎండేశారు. వాసన పోయింది. బండి మిగిలింది, ఆయన స్టీరింగ్ ముందే మిగిలారు.

అక్కడితో అయిపోవాలి కదా. కాలేదు. ఆ తర్వాత మూడేళ్లూ నేను బండి ఎక్కినప్పుడూ దిగేటప్పుడూ "ఏమన్న వాసన ఉన్నదా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. పెట్రోలా, రబ్బరు కాలినట్టా, పాకమా అని విడిగా అడిగేవారు. రోజూ అట్ట పరిచేవారు. నేను దాన్ని చాదస్తం అనుకున్నాను. గుట్టల్లో పువ్వు కోస్తే దాని వాసన దేనిలాగ ఉందని అడిగి, నేను చెబుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. ఎండిన మొక్కలో వాసన మిగలదు. ఆయన అడగబట్టే నా నోటు పుస్తకంలో వాసనకు ఒక గడి గీయడం నేర్చుకున్నాను. ఎంత మంచి విద్యార్థి అనుకునేదాన్ని.

మొన్న శనివారం నా చేతుల నిండా జవాబు పత్రాలు. దిగుతుంటే ఎప్పటిలాగే అడిగారు. నాకు చిర్రెత్తింది.

"మూడేండ్ల సంది నన్నే అడుగుతున్నరు. మీ ముక్కు ఏమైంది డ్రైవర్ సాబ్? అందానికి పెట్టుకున్నరా?"

ఆయన ముక్కు కొంచెం వంకర. దాన్ని తడుముకుని, "నాది పాతదమ్మా, మీది కొత్తది" అని నవ్వారు. నేను జవాబు చెప్పకుండానే గేటు వేసుకున్నాను.

ఆదివారం సీతాఫల్‌మండిలో వాళ్ల ఇంటికి వెళ్లేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. తల దగ్గర ఊదుబత్తీలు, మెడలో బంతిపూలు. ఏడ్చి ఏడ్చి అలసిన ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. ఏదో ఒకటి అనాలని, ఏం వాసన వచ్చినా మీ ఆయన ముందు నన్నే అడిగేవారమ్మా అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఆయనకు వాసన తెల్వదు గదమ్మా. మీకు చెప్పలేదా?"

వయసులో ఉండగా లారీని ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పి స్టార్టు చేస్తుంటే అది వెనక్కి తిరిగి మొహం మీద కొట్టిందట. ముక్కు విరిగింది. ఆనాటి నుంచి మల్లెపూవూ తెలియదు, మురుగూ తెలియదు. ఒకసారి పెట్రోలు కారుతున్నా గుర్తుపట్టలేదని ఆ లారీ యజమాని పనిలోంచి తీసేశాడట. అందుకే యూనివర్సిటీలో ఎవరికీ చెప్పలేదు. నేను ఆ వంకర ముక్కును మూడేళ్లు పక్క సీట్లోంచి చూశాను. చూసి, వెక్కిరించాను.

"మా మేడం లేదన్నదంటే లేనట్టే అని నిమ్మలంగ పండుకునెటోడమ్మా" అంది ఆమె. "నిన్న రాత్రే, ఇయ్యాల మేడం చెప్పలే, పొద్దుగాల చాయ్ తాగి షెడ్డుకు పోయి చూసొస్తా అన్నడు."

ఆమె మామూలుగానే చెప్పింది. ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

సోమవారం ట్రిప్పు రద్దయింది. అయినా షెడ్డుకు వెళ్లాను. ఇద్దరు అటెండర్లు బండిని ముందుకు తోశారు. కింద కొత్త అట్టముక్క ఉంది, శనివారం నన్ను దింపి వెళ్లి పరిచింది. నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు. నేను నేల మీద మోకరించి అట్టంతా చేత్తో తడిమాను. పొడిగా ఉంది. వంగి వాసన చూశాను. దుమ్ము, కాగితం, అంతే.

"లేదు డ్రైవర్ సాబ్, ఏం లేదు" అన్నాను.

అటెండర్ అట్ట తీయబోతే వద్దన్నాను. బండిని మళ్లీ దాని మీదికే తోయించాను.